మొక్క దాచుకునే తీరు, మనిషి తినే వేళ

ఆకులోని పత్రహరితం సూర్యరశ్మిని పట్టి, గాలిలోని కార్బన్ డయాక్సైడును, వేళ్లు పీల్చిన నీటిని కలిపి తయారుచేసేది ప్రధానంగా చక్కెరే. వరి అయినా, వేరుశనగ అయినా, తాడిచెట్టు అయినా ఈ తొలిమెట్టులో భేదం లేదు. ఆకు నుంచి గింజకో దుంపకో పోషక కణజాలమనే సన్నని గొట్టాల గుండా ప్రయాణించేది కూడా చాలా మొక్కల్లో సుక్రోజే, అంటే వంటింట్లో వాడే పంచదారే. ఒకటిగా బయలుదేరిన ఈ సరుకు వరిగింజలో పిండిపదార్థంగా, నువ్వుగింజలో నూనెగా, ఉల్లిగడ్డలో ఫ్రక్టాన్లనే మరో రకపు చక్కెర గొలుసులుగా, తాటి టెంకలో రాయిలాంటి గట్టి గుజ్జుగా మారి నిలవ ఉండడానికి కారణం ఆ మొక్కల బతుకులో వెతకాలి. గింజ ఎంత దూరం పోవాలి, నేలలో ఎన్నాళ్లు ఎదురుచూడాలి, మొలిచేచోట గాలి ఆడుతుందా లేదా, మొలకకు ఎంత తొందరగా ఎంత తిండి కావాలి అన్న అవసరాలకు తగినట్టుగా లక్షల ఏళ్లలో ఒక్కో మొక్కకు ఒక్కో పద్ధతి కుదిరింది. మనిషి తినేది ఆ నిలవలనే గనుక, ఏ నిలవను ఏ దశలో తీసుకోవాలో తెలుసుకోవడమే ఆహార విజ్ఞానంలో పెద్ద భాగం అయింది.

చక్కెరను చక్కెరగానే ఎందుకు దాచుకోకూడదన్న ప్రశ్నకు జవాబు మాగాయ పెట్టే ప్రతి ఇంట్లోనూ కనిపిస్తుంది. మామిడి ముక్కలకు ఉప్పు కలిపి ఉంచితే కొద్ది గంటల్లో ఊట దిగుతుంది. ముక్కల వెలుపల కరిగిన ఉప్పు ఎక్కువై, కణాల లోపలి నీటిని బయటికి లాగడమే ఇందుకు కారణం. కరిగిన పదార్థం ఎక్కువగా ఉన్న వైపుకు పొర గుండా నీరు కదలడాన్ని ద్రవాభిసరణ అంటారు. కణం లోపలే చక్కెర పేరుకుపోతే ఇదే పని తలకిందులుగా జరిగి, బయటి నీరు లోపలికి తోసుకువచ్చి కణం ఉబ్బిపోతుంది. ఈ ఒత్తిడి కరిగిన అణువుల బరువును బట్టి గాక వాటి సంఖ్యను బట్టి ఉంటుంది; అందుచేత వేలాది గ్లూకోజు అణువులను ఒకే గొలుసుగా కూర్చి, నీటిలో కరగని రేణువుగా చుట్టిపెడితే కణానికి ఆ బాధ తప్పుతుంది. ఆ రేణువే పిండిపదార్థం. ఇందులో అమైలోజు అనే దాదాపు కొమ్మలు లేని గొలుసులు, అమైలోపెక్టిన్ అనే గుబురు కొమ్మల గొలుసులు రెండూ ఉంటాయి. బియ్యంలోని రేణువులు మిల్లీమీటరులో వెయ్యోవంతుకు మూడు నుంచి ఎనిమిది రెట్లు మాత్రమే ఉండగా, బంగాళాదుంపలోని పెద్ద రేణువులు అదే వెయ్యోవంతుకు వంద రెట్ల దాకా ఉంటాయి. అన్నం ఉడకడమంటే ఈ రేణువులు వేడికి నీరు తాగి ఉబ్బి, వాటి లోపలి అమరిక చెదరడమే. అన్నం చల్లారాక గొలుసుల్లో కొన్ని మళ్లీ దగ్గరగా సర్దుకుంటాయి గనుకనే చద్దన్నం బిరుసుగా ఉంటుంది. అలా సర్దుకున్న భాగం త్వరగా అరగదు.

చెరకు మాత్రం చక్కెరను చక్కెరగానే దాచుకుంటుంది. దాని కాండంలోని కణాల్లో రిక్తిక అనే పెద్ద నీటి తిత్తి ఉంటుంది. సుక్రోజు అందులో చేరుతుంది, గట్టి కణకవచాలు ఒత్తిడిని ఓర్చుకుంటాయి. కాండం నీటితో నిండి, నేలలో పాతుకుని, కదలకుండా ఉండే భాగం కనుక ఈ పద్ధతి అక్కడ చెల్లింది. ఎండి, రాలి, నెలల తరబడి నీరు లేకుండా ఉండవలసిన గింజకు ఇలాంటి నిలవ పనికిరాదు.

గింజల్లో పిండిపదార్థానికి పోటీగా నిలిచేది నూనె. ఒక గ్రాము పిండిపదార్థం సుమారు నాలుగు కిలోకేలరీల శక్తినిస్తే, ఒక గ్రాము నూనె తొమ్మిది ఇస్తుంది. బరువు తక్కువగా, చోటు తక్కువగా ఉండాలనుకునే గింజకు ఇది గొప్ప సదుపాయం. నువ్వుగింజ అంత చిన్నదై ఉండి కూడా మొలకకు కావలసినంత శక్తిని మోసుకుపోగలగడానికి దాని బరువులో దాదాపు సగం నూనె కావడమే కారణం. కణం లోపల ఈ నూనె చిన్న చిన్న బిందువులుగా, ఒక్కొక్కటీ పలుచని పొర చుట్టుకుని, ఆ పొరలో ఓలియోసిన్ అనే మాంసకృత్తు కూర్చుకుని ఉంటుంది. బిందువులు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా కాపాడేది ఆ మాంసకృత్తే. నానబెట్టిన వేరుశనగ పప్పును రుబ్బి పిండితే నూనె పైకి తేలకుండా తెల్లని పాలు రావడానికి ఈ పొరలే ముఖ్య కారణం.

ఇంత మేలైనదైతే అన్ని మొక్కలూ నూనెనే ఎందుకు దాచుకోలేదంటే, దాన్ని తయారుచేయడానికి అయ్యే ఖర్చు ఎక్కువ. థామస్ సింక్లేర్, సి. టి. డి విట్ అనే శాస్త్రవేత్తలు 1975లో "సైన్స్" పత్రికలో ప్రచురించిన వ్యాసంలో పలు పంటల గింజలకు ఈ లెక్క కట్టారు. ఆకు పంపిన ఒక గ్రాము గ్లూకోజుతో మొక్క 0.83 గ్రాము పిండిపదార్థాన్ని చేయగలిగితే, మాంసకృత్తులైతే 0.40 గ్రాము, నూనె అయితే 0.33 గ్రాము మాత్రమే చేయగలదు. వరి ఎకరాకు ఇచ్చినంత దిగుబడి వేరుశనగ ఎన్నడూ ఇవ్వకపోవడానికి నేల, నీరు, చీడపీడలతో పాటు ఈ లెక్క కూడా కారణం. రైతు శ్రమనూ వంగడం మంచిచెడ్డలనూ తూచేటప్పుడు బస్తాల సంఖ్య ఒక్కటే చూడడం న్యాయం కాదని ఈ అంకెలు చెబుతున్నాయి. నూనెగింజల బస్తా అంతే బరువున్న ధాన్యం బస్తా కంటే మొక్కకు చాలా ఎక్కువ ఖరీదైనది.

నూనెకు మరొక షరతు ఉంది, అది ప్రాణవాయువుకు సంబంధించినది. నూనె అణువులో ఆక్సిజన్ చాలా తక్కువ. దాన్నుంచి శక్తి రాబట్టాలంటే బయటి ఆక్సిజన్ పుష్కలంగా అందాలి. పిండిపదార్థం నుంచి వచ్చే గ్లూకోజును మాత్రం ఆక్సిజన్ లేకున్నా కొంతవరకు పులియబెట్టి శక్తి పొందవచ్చు. దమ్ము చేసిన మడిలో నీటి అడుగున కూడా వరిగింజ మొలక ఎత్తగలగడానికి ఇది ఒక ఆధారం. పైగా పిండిపదార్థాన్ని విరగ్గొట్టే అమైలేజు అనే ఎంజైమును ఆక్సిజన్ లేని స్థితిలోనూ తయారుచేయగల శక్తి ధాన్యాల్లో వరికి ప్రత్యేకం. అదే నీళ్లలో వేరుశనగ విత్తనం వేస్తే కుళ్లిపోతుంది. గుల్లగా ఉండి గాలి ఆడే అనంతపురం ఎర్ర ఇసుక నేలల్లో వేరుశనగ కుదురుకోవడానికి, ఊడలు నేలలోకి తేలికగా దిగడంతో పాటు ఇదీ తోడ్పడింది.

వరిగింజ సైతం పూర్తిగా పిండిపదార్థం మీదే ఆధారపడదు. గింజలో అధిక భాగం అంకురచ్ఛదం, అంటే మొలకకు ఆహారంగా చుట్టూ అమర్చిన కణజాలం. గింజ పండేసరికి అందులోని పిండి నిండిన కణాలు చనిపోతాయి. బతికి ఉండేవి మొలకగా మారే ముక్కు భాగం, పైనున్న పలుచని పొర మాత్రమే, నూనె ఉండేదీ వాటిలోనే. బియ్యాన్ని పాలిష్ పట్టినప్పుడు ఆ పొర, ముక్కు రెండూ తవుడులో కలిసిపోతాయి గనుకనే తవుడు నుంచి నూనె తీయగలుగుతున్నారు. గింజ తడిసి మొలక కదిలినప్పుడు ఆ బతికున్న పొర ఎంజైములను వదిలి, చనిపోయిన కణాల్లోని పిండిని చక్కెరగా కరిగిస్తుంది. రాగులను నానబెట్టి, మూటకట్టి, మొలకెత్తాక ఎండబెట్టి పట్టించిన పిండితో కాచిన జావ మామూలు రాగిజావ కంటే పలుచగా, కొంచెం తియ్యగా ఉండడం ఈ ఎంజైముల పనే. చంటిపిల్లలకు అదే జావను పెట్టాలని పెద్దలు ఎంచుకోవడం వెనుక ఎంతో చక్కని పరిశీలన ఉంది.

నూనెను దాచుకున్న మొక్క దాన్ని ఎలా వాడుకుంటుందన్నది ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి. పెరిగే మొలకకు కణకవచాలు కట్టుకోవడానికి చక్కెర కావాలి. గింజలో ఉన్నదేమో నూనె. మనిషితో సహా పెద్ద జంతువుల శరీరాలు పిండిని కొవ్వుగా మార్చగలవు గాని, కొవ్వులోని ఆమ్లాలను తిరిగి చక్కెరగా మార్చలేవు. మొక్కలు ఆ పని ఎలా చేస్తున్నాయో 1957లో హాన్స్ కోర్న్‌బర్గ్, హ్యారీ బీవర్స్ ఆముదం గింజల మీద పరిశోధన చేసి చూపారు. నూనె విరిగి వచ్చిన రెండు కార్బన్ల ముక్కలను కాల్చివేయకుండా జతచేసి, మెట్టుమెట్టుగా చక్కెర వైపు నడిపించే ఆ మార్గాన్ని గ్లైఆక్సిలేట్ చక్రం అంటారు. పదేళ్ల తరువాత, 1967లో, బీవర్స్, బ్రైడెన్‌బాక్ కలిసి ఆ చక్రం జరిగే సూక్ష్మమైన తిత్తులను కూడా ఆముదం గింజల నుంచే వేరుచేయగలిగారు. పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఎక్కువ శ్రద్ధ కోరకుండా పెరిగే ఈ పంట జీవరసాయన శాస్త్రంలో ఇంతటి స్థానం సంపాదించిందన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో మరింత గట్టిగా చెప్పదగినది.

నూనెల్లోనూ తేడాలున్నాయి. కొబ్బరినూనె 24 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన గడ్డకడుతుంది. అవిసె నూనె ఎంత చలికైనా అంత తేలికగా గడ్డకట్టదు. కొబ్బరిలో ఉండేవి ఎక్కువగా సంతృప్త కొవ్వు ఆమ్లాలు, అంటే గొలుసులో హైడ్రోజన్ పూర్తిగా నిండి తిన్నగా ఉండి, ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా సర్దుకోగలిగినవి. వాటి నుంచి వచ్చే శక్తి కూడా కొంచెం ఎక్కువే. అయితే గడ్డకట్టిన నూనె మీద ఎంజైములు సులువుగా పనిచేయలేవు కాబట్టి, చలిలో మొలకెత్తే గింజలకు ద్రవంగా ఉండే అసంతృప్త నూనెలే మేలు. ర్యాండల్ లిండర్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఉష్ణప్రాంతాల మొక్కల గింజల్లో సంతృప్త కొవ్వుల పాలు శీతల ప్రాంతాల వాటి కంటే ఎక్కువగా ఉంటుందని చూపారు. సముద్రతీరపు వెచ్చని ఇసుకలో మొలిచే కొబ్బరికాయకు నూనె గడ్డకట్టే ఇబ్బంది సాధారణంగా రాదు. హైదరాబాదు చలికాలపు ఉదయాన సీసాలో నూనె తెల్లబడడం ఆ చెట్టు ఊహించని పరిస్థితి.

పప్పుధాన్యాల విషయం వేరు. కంది, సెనగ, పెసర వంటివి పిండిపదార్థంతో పాటు బరువులో ఐదోవంతుకు పైగా మాంసకృత్తులను దాచుకుంటాయి. వేరు బుడిపెల్లో చేరిన రైజోబియం అనే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి గనుక ఈ మొక్కలకు ఆ ఖర్చు భరించగల వీలుంది. నత్రజని తక్కువైన నేలలో పడినా మొలక తన సొంత నిల్వతో నిలదొక్కుకుంటుంది. వాటిలో రాఫినోజు, స్టాకియోజు అనే చిన్న చక్కెర గొలుసులు కూడా ఉంటాయి. గింజ ఎండుతున్నప్పుడు కణాల పొరలు చెడకుండా కాపాడడానికి అవి తోడ్పడతాయని భావిస్తారు. మనిషి చిన్నపేగుల్లో వాటిని విరిచే ఎంజైము లేకపోవడంతో, పెద్దపేగుల్లోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి వాయువు పుట్టిస్తాయి. పెసలు మొలకెత్తితే ఆ గొలుసులను మొక్కే ముందుగా ఖర్చు చేసుకుంటుంది.

ఇన్ని పద్ధతులనూ వేర్వేరు మొక్కల్లో వెతకనక్కర లేకుండా ఒకే చెట్టులో చూపగలిగినది తాడి. గీత కార్మికులు గెలను కట్టి, రోజూ కొన కోసి, లొట్టి తగిలిస్తే అందులో చేరేది పూలకూ కాయలకూ పోవలసిన రసం. తాజా రసంలో నూటికి 10 నుంచి 14 పాళ్ల వరకు చక్కెర ఉంటుంది, అందులో అత్యధికం సుక్రోజే. ఇది నిలవ సరుకు కాదు, దారిలో ఉన్న సరుకు. అందుకే గాలిలోని ఈస్టు దాన్ని గంటల్లోనే కల్లుగా మారుస్తుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పులియడం ఆగి, నీరాగా తాగడానికి, కాచి తాటిబెల్లం చేయడానికి వీలవుతుంది.

గెలను కోయకుండా వదిలితే కాయ కడుతుంది. లేతకాయలోని ముంజ నిజానికి ఇంకా గట్టిపడని అంకురచ్ఛదం. మొదట ద్రవంగా ఉండి, క్రమంగా కణాలు ఏర్పడి, జిగురుగా మారి, నడుమ కొంచెం తియ్యని నీటిని మిగుల్చుకున్న దశలో మనుషులు దాన్ని తీసుకుంటారు. ఆ దశ దాటితే కణాల గోడలు మందమవుతూ పోతాయి. వాటిలో చేరేది మన్నాన్, అంటే మన్నోజు అనే చక్కెర అణువుల గొలుసు. ఈ గొలుసుకు పక్కగా గెలాక్టోజు అణువులు చాలా అతుక్కుని ఉంటే అది నీటితో కలిసి జిగురవుతుంది. నానిన మెంతుల జిగురు, గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గమ్ అటువంటివి. పక్క అణువులు తగ్గితే గొలుసులు ఒకదానికొకటి బిగిసి, నీటికి లొంగని ముద్దవుతాయి. ముదిరిన టెంకలోని గుజ్జు కత్తికి లొంగనంత గట్టిదవడానికి ఇదే కారణం. దక్షిణ అమెరికాలో పెరిగే మరో తాళజాతి చెట్టు గింజల నుంచి ఏనుగు దంతాన్ని పోలిన గుండీలు చెక్కుతారంటే ఆ పదార్థం ఎంత గట్టిదో ఊహించవచ్చు. ఇక్కడ కణకవచమే కోట, అదే గాదె కూడా. పురుగుల నుంచీ, ఎండిపోవడం నుంచీ మొలకను కాపాడేదీ, తరువాత దానికి తిండయ్యేదీ ఒకే గోడ. పైనున్న తాటిపండు పసుపు గుజ్జు మాత్రం మొలకకు సంబంధించినది కాదు, గింజను దూరం మోసుకుపోయే జంతువులకు ఇచ్చే కూలి.

ముదిరిన ఆ గుజ్జును మనిషి అరిగించుకోలేడు. అయినా పల్లెల్లో దాన్ని వదులుకోలేదు. చెట్టే దాన్ని కరిగించేదాకా ఆగారు. వర్షాకాలం చివర టెంకలను మెత్తని మట్టిలో పాతర వేస్తే, టెంక లోపల బుర్రగుంజు అనే తెల్లని, మెత్తని ముద్ద పెరుగుతూ వస్తుంది. మొలక పిండం తన బీజదళపు కొనను టెంక లోపలే ఉంచి పీల్చడానికి పెంచుకున్న అవయవం అది. దాని అంచుల వెంట ఎంజైములు మన్నాన్ గోడలను కరిగించుకుంటూ పోతే, వచ్చిన చక్కెర కిందికి దిగుతుంది. అదే సమయంలో మొలక ఒక పొడవాటి కాడ సాయంతో టెంకను విడిచి నేలలోకి లోతుగా పోయి, ఎండకూ పశువులకూ అందనిచోట కుదురుకుంటుంది. టెంక నుంచి దిగిన చక్కెర అక్కడ మళ్లీ పిండిపదార్థంగా పేరుకుంటుంది. అలా తయారైనదే తేగ. తవ్వి తీసి, తంపటి వేసి, తొక్క ఒలిచి నిలువునా చీలిస్తే, పిండి నిండిన రెండు బద్దల నడుమ తొలి ఆకుగా రావలసిన లేత మొవ్వు కనిపిస్తుంది. టెంకలో మనిషికి అందకుండా ఉన్న శక్తి మూడు నాలుగు నెలల్లో అన్నం, చిలగడదుంప ఇచ్చే పదార్థంగానే మారి అందుతుంది. సమయం మించితే మొవ్వు ఆకుగా లేచి ఆ పిండిని వాడేసుకుంటుంది, తేగ పీచుపీచుగా మిగులుతుంది. ముంజకైనా తేగకైనా సరైన వారాలు గుర్తుపట్టగలిగిన పల్లెజనం జ్ఞానం ఏ ప్రయోగశాల జ్ఞానానికీ తీసిపోనిది. రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాడి మీద పరిశోధన జరుగుతుండడం ఈ కారణంగానే ఎంతో సంతోషించదగిన సంగతి.

గోడల్లోనే ఆహారం దాచుకునే పద్ధతి చింతకూ ఉంది. చింతపిక్కలోని జైలోగ్లూకాన్ అనే పదార్థం నీటితో ఉడికితే మంచి జిగురవుతుంది. కొండపల్లి బొమ్మల ముక్కలు అతికే మక్కు, రంపపు పొట్టుతో కలిపిన ఈ చింతపిక్కల పొడే. చేర్యాల చిత్రకారులు గుడ్డను సిద్ధంచేయడానికి, ముఖాలను మలచడానికి వాడేదీ ఇదే. ఉల్లి, వెల్లుల్లి ఇంకో దారి పట్టాయి. వాటిలో పిండిపదార్థం నిలవ ఉండదు. ఫ్రక్టోజు అణువుల గొలుసులైన ఫ్రక్టాన్లు రిక్తికలో కరిగి ఉంటాయి. అవసరమైతే గొలుసు తెంచి క్షణాల్లో చక్కెర చేసుకోవచ్చు, ఎండనూ చలినీ తట్టుకోవడానికీ అవి తోడ్పడతాయి. పుష్పించే మొక్కల్లో సుమారు 15 శాతం జాతులు ఈ పద్ధతినే పాటిస్తున్నాయి.

తాడికి దగ్గరి చుట్టమైన జీలుగు తన నిలవను గింజలో గాక కాండంలో పెడుతుంది. తూర్పు కనుమల్లో పెరిగే ఈ చెట్టు ఏళ్ల తరబడి ఒక్క పువ్వూ పూయకుండా కాండం లోపలి మెత్తని భాగంలో పిండిపదార్థం పోగుచేసుకుని, ఆ తరువాత పై నుంచి కిందికి ఒక్కో గెల వేస్తూ దాన్ని ఖర్చు పెట్టుకుని చనిపోతుంది. ఆ ప్రాంతపు కొండరెడ్లు దీని గెలల నుంచి జీలుగు కల్లు తీస్తారు. ఆహారం కరువైనప్పుడు కాండాన్ని చీల్చి, దంచి, నీటిలో కడిగి పిండి తీసుకునేవారు. కల్లులో వచ్చే చక్కెర, కాండంలో ఉన్న పిండి ఒకే ఖాతాలోవి కనుక, గెలలు గీసిన కొద్దీ కాండం ఖాళీ అవుతుంది. పిండి కావాలంటే పూత తొలిదశలోనే చెట్టును నరకాలి, నరికితే ఆపై రాగల కల్లు పోతుంది. అడుగు గెల దాకా పూసిన చెట్టులో పిండి దాదాపుగా మిగలదు, నారే ఉంటుంది.